శనివారం సూది

మోసుకెళ్లి గేటు బయట దింపేశారు బుల్లియ్యని. మండపేట ఉప్పుడు బియ్యం మిల్లులో పద్దెనిమిదేళ్లు బస్తాలు మోసిన మనిషి. కళ్లు పచ్చబడి, పొట్ట ఉబ్బి, బస్తా కింద కూలిపోతే మిల్లు యజమాని జగన్నాథరావు గేటు వేయించేశాడు. భార్య ఏసమ్మ పరుగెత్తుకొచ్చేసరికే ప్రాణం పోయింది.

"సి రకం కామెర్లు. ఆ క్రిమి ఏళ్ల తరబడి నెత్తుట్లో దాక్కుని కాలేయాన్ని తినేస్తుంది," అంది శవం నెత్తురు పరీక్ష చేయించిన గవర్నమెంటు డాక్టరమ్మ. "ఎప్పుడైనా ఒకే సూదితో అందరికీ ఇంజక్షన్లు చేశారా?"

చేశారు. చేయించింది నేనే.

తొంభై ఒకటిలో సమ్మె చేసి గెలిచాం. మిల్లుకు డాక్టరు రావాలని డిమాండు రాసింది యూనియన్ కార్యదర్శినైన నేను. యజమాని పట్టా లేని ఒక ఆరెంపీ వైద్యుణ్ణి పంపించాడు. ప్రతి శనివారం ఒంటినొప్పుల సూదికి, హాజరు పిలిచే మస్టరు వరసలోనే నిలబడేవాళ్లం. ఒకటే సిరంజి, ఒకటే సూది. బాయిలరు వేడినీళ్లలో ముంచి తీసి తరవాతి వాడికి గుచ్చేవాడు. మాత్రలిస్తే మేమే గొడవ చేసేవాళ్లం, సూది పడకపోతే అదేం వైద్యమని. నా ముందు బుల్లియ్య ఉండేవాడు. ఇప్పటికీ శనివారం వస్తే నా జబ్బకు ఆ వేడి తగులుతుంది. అతని వీపు కళ్ల ముందు నిలబడుతుంది.

డాక్టరమ్మ అందరినీ రక్తపరీక్షకు రమ్మంది. జబ్బున్న వాళ్ల పేర్లు తెప్పించి గెంటేస్తానన్నాడు జగన్నాథరావు. ఒక్కరూ వెళ్లలేదు.

యూనియన్ పాకలో మీటింగు పెట్టి పరీక్షకి రమ్మన్నాను.

"పసరు తాగుతాం, పత్యం చేస్తాం. పరీక్షంటే పని పోద్దండి," అంది కళ్లంలో వడ్లు ఆరబెట్టే లోవలక్ష్మి.

హమాలీ పెదబాబు నా మీదకి లేచాడు. "ఆ సూది తెచ్చింది నువ్వే కదా చంద్రరావన్నా! మళ్లీ నువ్వే రమ్మంటున్నావేంటి?"

"నేనే తెచ్చాను," అన్నాను. "డాక్టరు కావాలన్నాం గాని ఎలాంటి డాక్టరో అడగలేదు. నాకూ భయంగానే ఉంది."

అప్పుడు ఏసమ్మ లేచింది.

"మా ఆయన పసరే తాగాడు. పచ్చకళ్లు ఎవరికీ కనపడకూడదని తలొంచుకుని మోశాడు. పని పోద్దనే కదా దాచాడు? ఆ పనే గేటు బయట పారేసింది. ఒక్కొక్కళ్లం ఎళ్తే యజమానికి పేర్లు దొరుకుతాయి. అందరం ఎళ్దాం. అందర్నీ గెంటితే మిల్లు ఎవరు ఆడిస్తారో చూద్దాం."

శనివారం పొద్దున్నే గేటు ముందు పాత వరసలోనే నిలబడ్డాం. జగన్నాథరావు ఊగిపోయాడు. మస్టరు పిలవమని మేస్త్రీని కసిరాడు.

"పెదబాబు!"

"పరీక్షకి పోతున్నానండి."

"లోవలక్ష్మి!"

ఆమె వరస వదలకుండానే చెప్పింది. "పరీక్షకేనండి."

"రేపట్నుంచి ఒక్కడికీ పని లేదు!" అని అరిచాడు జగన్నాథరావు.

"జబ్బు తేలినోళ్లకి మందూ, పనీ ఇస్తామని రాసిచ్చేదాకా మీ బాయిలరు వెలగదండి," అన్నాను.

వరస చెదరకుండా నడిచి ఆసుపత్రికి చేరాం. నా ముందు బుల్లియ్య చోటు ఖాళీగా ఉంచాం. ఆ ఖాళీ నాకన్నా ముందే నడుస్తున్నట్టు ఉంది.

డాక్టరమ్మ కొత్త సూది కవరు చింపి "తరవాత ఎవరు?" అంది. నా వంతే. ముందున్న ఖాళీని దాటలేక ఆగిపోయాను.

వరస చివర నుంచి ఏసమ్మ వచ్చి ఆ ఖాళీలో నిలబడింది. రవిక చెయ్యి పైకి మడిచింది.

"బుల్లియ్య పెళ్లాన్నండి. నా పేరు పెద్దక్షరాలతో రాయండి. పేర్లు కావాలన్నాడు కదా, ఆ కాయితం మిల్లు గేటుకి నేనే అంటిస్తాను."