శేషం సున్నా

మా బ్లడ్ బ్యాంకులో ప్రతి రక్తం ప్యాకెట్‌కీ పది అంకెల నంబరుంటుంది. వందల కోట్లలో ఉన్నా వాటిలో ఒక్కదానికీ ప్రధాన సంఖ్య అయ్యే యోగం లేదు. తొమ్మిదితో భాగిస్తే శేషం మిగలకుండా చివరి అంకెను మేమే చూసి వేస్తాం. ఎవరు నంబరు చెప్పినా అంకెలన్నీ కూడతాను. మొత్తం తొమ్మిదో ఎక్కంలో పడితే ప్యాకెట్ పంపుతాను. "తొమ్మిది అబద్ధమాడదు" అని పన్నెండేళ్లుగా కొత్తగా చేరిన వాళ్లకల్లా నూరిపోసింది కూడా నేనే. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆ మధ్యాహ్నం పై అంతస్తు నుంచి నర్సు ఫోన్ చేసింది. పొద్దున కాన్పయిన మా అక్కకు రక్తస్రావం ఆగడం లేదట. అక్క కేసు కాగితం మీదున్న ప్యాకెట్ నంబరు ఆవిడ గబగబా చదివింది, నేను రాసుకున్నాను: 7364051829. కూడితే నలభై ఐదు. ప్యాకెట్ తీసి ఆయా చేతిలో పెట్టి, "పరిగెత్తమ్మా" అన్నాను. గ్రూపు చూడలేదు. నంబరు సరిపోయాక ఇంకేం చూస్తామనే పొగరు.

ఫ్రిజ్ తలుపు వేయబోతుంటే ‘ఓ’ గ్రూపు అరలో ఇంకో ప్యాకెట్ కనబడింది: 7346051829.

నర్సు గొంతు మళ్లీ చెవిలో పలికింది. "డెబ్బై మూడు, నలభై ఆరు..." ఆవిడ నలభై ఆరే అంది. అరవై నాలుగని రాసుకున్నది నేను. అంకెలు అటూ ఇటూ అయితే కూడిక మారదు కదా! అక్కది ‘ఓ’ గ్రూపు. నేను పంపింది ‘బి’.

పై ప్రాణాలు పైనే పోయాయి. వార్డుకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. సరైన ప్యాకెట్ పట్టుకుని రెండేసి మెట్లు ఎక్కుతున్నాను. బుర్ర మాత్రం దాని పని అది చేసుకుపోతోంది: పదకొండుతో భాగిస్తే ఒకదానికి రెండు మిగులుతుంది, రెండోదానికి ఆరు. పదకొండు పెట్టుకునుంటే దొరికిపోయేది. ఆ పాడు బుర్రను గోడకేసి కొట్టాలనిపించింది.

వార్డులో ప్యాకెట్ అప్పటికే వేలాడుతోంది. ట్యూబులో సగందాకా ఎర్రగా దిగింది.

"ఆపండి!" అని అరిచి, క్లిప్పు నేనే నొక్కేశాను.

నర్సు మొహం పాలిపోయింది. "నేను కూడా కూడి చూశానండీ. తొమ్మిదికి సరిపోయింది."

అక్క కళ్లు తెరిచింది. "ఏంటే, ఎందుకలా అరిచావు?"

"ప్యాకెట్ మారిందక్కా. నాదే తప్పు."

"వచ్చావుగా. కింద నువ్వున్నావనేగా నా ధైర్యం," అని మళ్లీ కళ్లు మూసుకుంది.

సరైన రక్తం ఎక్కడం మొదలైంది. అప్పుడే ఇంకోటి గుర్తొచ్చింది. పోయిన నెల ఇదే వార్డులో, రక్తం ఎక్కిస్తుండగానే చలిజ్వరం వచ్చి ఒక బాలింత చనిపోయింది. ఏదో ఇన్ఫెక్షన్ అనుకున్నాం. ఆమెకు ప్యాకెట్ పంపింది నేనే.

నర్సును పక్కకు పిలిచి అడిగాను. "పోయిన నెల చనిపోయిన ఆమె ప్యాకెట్ నంబరు కాగితంతో పోల్చి చూశారా, కూడి చూశారా?"



"అప్పుడూ తొమ్మిదికి సరిపోయిందండీ," అంది.