కుడి చెవి

మా ఆయన చొక్కాలు అయిదు ఇస్త్రీ చేసేసరికి పిడుగు మొదటి ఆల్బమ్ సగం అయిపోతుంది. పిడుగు అంటే ర్యాప్ పాడే అతను. అసలు పేరేదో నాకు తెలియదు. చేతులు రెండూ పనిలో ఉంటాయి కాబట్టి పాటలు ఇయర్‌ఫోన్లలో వింటాను. అదీ ఒక్క చెవితోనే. ఎడమ చెవి పిడుగుది, కుడి చెవి ఇంటిది. కుక్కర్ కూత, కాలింగ్ బెల్లు, "అమ్మాయ్, నా కళ్ళజోడు చూశావా?" అనే మా అత్తయ్య, "ఏయ్, టవల్!" అనే మా ఆయన, అన్నీ కుడి చెవి శాఖ కిందికే వస్తాయి. కొత్తలో ఒకసారి రెండు చెవుల్లోనూ పెట్టుకున్నాను. అత్తయ్య నాలుగుసార్లు పిలిచారట. వెంటనే మా అమ్మకి ఫోన్ చేసి, "పిల్లకి చెవుడుందని ఒక్క మాట ముందే చెప్పాల్సింది వదినా" అన్నారు. అప్పట్నుంచి కుడి వైపుది మెడ మీద వేలాడుతూ ఉంటుంది. ఎడమ వైపు రబ్బరు మూడుసార్లు అరిగితే మార్చాను. కుడి వైపుది కొన్నప్పటిదే, ఇంకా మెరుస్తూ ఉంది.

వినగా వినగా నాకొక పిచ్చి పట్టుకుంది. ఎవరి పిచ్చి వారికి ఆనందం. పాత డైరీ ఒకటి తీసి పాటల్లో చరణాలు రాసుకుని, కలిసిన ప్రాసలన్నిటికీ ఒకే రంగు పెన్సిల్‌తో గీత గీయడం మొదలుపెట్టాను. మొదటి ఆల్బమ్‌లో అతను వీధి రౌడీ. ప్రాస ఎప్పుడూ చరణం చివరే, వచ్చాను, తెచ్చాను, ఇచ్చాను అని సుత్తి దెబ్బల్లా పడుతుంది. రెండో ఆల్బమ్‌కి ఆ రౌడీయే పెద్దమనిషి అయిపోయాడు. ఇప్పుడు ప్రాస చివర ఉండదు, మాటల మధ్యలో నక్కి ఉంటుంది. నాలుగు చోట్ల వెతికితే గానీ దొరకదు. కలిగినవాళ్ళు అన్నీ లోపలే దాచుకుంటారు కదా అని పక్కన రాశాను. మూడో ఆల్బమ్‌లో అతను పెళ్ళాం వదిలేసి వెళ్ళిన మొగుడు. అక్కడ నాకు చెయ్యాడలేదు. చరణం అవుతుంది, నాలుగు దరువులు ఖాళీగా పోతాయి, ప్రాసకి జోడీ రాదు. ఆ రోజు గిన్నెలు తోముతూ ఏడ్చాను. మాటకి మాట దొరక్క నిలబడిపోయిన మగవాణ్ణి అదే మొదటిసారి వినడం. ఆ ఆల్బమ్ మీదే పదకొండు పేజీలు రాశాను. "భార్యతో పాటే ప్రాస కూడా ఇల్లు వదిలి వెళ్ళిపోయింది" అన్నది అందులో చివరి వాక్యం. ఆ వాక్యం చూసుకుని రెండు రోజులు నాలో నేనే మురిసిపోయాను.

మా ఆయన కాలేజీలో సాహిత్యం చెబుతారు. కొత్త పాటల మీద సదస్సులో పత్రం చదవమని ఆయన్ని పిలిచారు. వారం తిరిగినా ఒక్క ముక్కా రాయలేదు. పెన్ను వెతుక్కుంటూ నా డైరీ తీశారు.

"బాగానే రాశావే! ఇంత టైమెక్కడిది నీకు?" అన్నారు. ఈ ప్రశ్న ఆయన తరచూ అడుగుతారు. జవాబు కోసం ఎప్పుడూ ఆగలేదు.

దాన్నే పత్రం చేసి, 'మూడు ముసుగులు, మూడు ప్రాసలు' అని పేరు పెట్టి, కింద ఆయన పేరు వేశారు. టైపు చేసింది కూడా నేనే కాబట్టి ఆ పేరు నా వేళ్ళతోనే కొట్టాను.

"మరి నా పేరు?" అన్నాను.

"మనిద్దరి మధ్యా నీదేంటి, నాదేంటి?"

"అయితే నాదే పెట్టండి."

జోక్ అనుకుని చాలాసేపు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ కాగితం మీద నా పేరు చూసుకోవాలని ఉంది. ఈ ఇంట్లో నేను చేసిన ప్రతి పనీ సాయంత్రానికల్లా తినేస్తారు, తొడిగేస్తారు, లేదా మాపేస్తారు. మిగిలింది ఇదొక్కటే.

సదస్సుకి నన్నూ తీసుకెళ్ళారు. మధ్యమధ్యలో పాటలు నొక్కడానికి ఒక మనిషి కావాలి. "పెళ్ళికెళ్తూ పిల్లిని చంకనబెట్టుకున్నట్టు, ఇదెందుకురా?" అన్నారు అత్తయ్య, ఇంట్లో కాఫీ ఎవరు పెడతారన్న బాధతో.

హాలు నిండింది. రౌడీకి చప్పట్లు పడ్డాయి, పెద్దమనిషికి ఇంకా ఎక్కువ పడ్డాయి. నా మాటలు ఆయన గొంతులో భలే గంభీరంగా ఉన్నాయి. మూడో ఆల్బమ్ దగ్గర కళ్ళజోడు తీసి, గొంతు తగ్గించి, "ఇప్పుడు ఆ నిశ్శబ్దాన్ని వినండి. జవాబు లేని ప్రాస ఇది" అని నాకేసి చెయ్యి ఊపారు. నొక్కాను.

ఎడమ పక్క స్పీకర్లోంచి పిడుగు పలికాడు. "తలుపు తెరిచే ఉంచాను."

కుడి పక్క స్పీకర్లోంచి ఒక ఆడగొంతు అందుకుంది. "తాళం నేనే పట్టుకెళ్ళాను."

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"ఇల్లంతా నీ పేరే పిలిచాను."

"పేరా? 'ఏయ్' అనేగా విన్నాను!"

హాలు ఘొల్లుమంది. మా ఆయన కుడితిలో పడ్డ ఎలుకలా అటు చూస్తారు, ఇటు చూస్తారు. ఆయన ఆ ఆల్బమ్ ఒక్కసారి కూడా వినలేదన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. ముందు వరుసలో ఒక విద్యార్థిని లేచి, "సార్, ఆవిడ జవాబులన్నీ కుడి వైపే వస్తాయి. మీరు ఒక్క చెవితో విన్నారా?" అని అడిగింది.

"నేను కాదమ్మా" అన్నారు ఆయన, చటుక్కున. "ఇదంతా రాసింది మా ఆవిడ." అని వేలుపెట్టి నన్ను చూపించారు.

పన్నెండేళ్ళ కాపురంలో నలుగురి ముందు నా పని నాదని ఒప్పుకోవడం అదే మొదలు. అదీ తప్పు దొరికాక. ఒళ్ళు మండింది. లేచి నిలబడ్డాను.

"అవునండీ, రాసింది నేనే. రౌడీ గురించీ, పెద్దమనిషి గురించీ కూడా నేనే రాశాను. వాటికి మీరు చప్పట్లు కొట్టారు. మూడోది తప్పు రాశాను. నా కుడి చెవి ఇంట్లో డ్యూటీలో ఉంటుంది, అందుకని ఆవిడ మాట నాకు వినపడలేదు."

వెనక వరుసల్లో ఆడవాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. నవ్వో చప్పట్లో తెలియకుండా కలిసిపోయాయి. అధ్యక్షురాలు కళ్ళు తుడుచుకుంటూ, "రెండు చెవులతో విని మళ్ళీ రాయమ్మా. వచ్చే నెల నువ్వే చదువు. నీ పేరు చెప్పు, రాసుకుంటాను" అన్నారు. చెప్పాను. అక్షరం అక్షరం విడదీసి చెప్పాను.

ఇంటి మెట్లెక్కుతూ మా ఆయన, "నా పరువు తీశావు" అన్నారు.

"రాసింది నేనని చెప్పింది మీరే కదండీ" అన్నాను.

మర్నాడు పొద్దున్న ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడలేదు. డైరీ తీసుకుని కుర్చీలో కూర్చున్నాను. కుడి చెవి రబ్బరు ఇన్నాళ్ళూ వాడనిది కాబట్టి కాస్త బిగుతుగా ఉంది. ఆవిడ పాడుతోంది. "అన్నం ముందు కూర్చుని ఏడ్చాను" అని అతనంటే, "గిన్నె ఎవరు కడిగారని అడుగుతున్నాను" అంటోంది. పెన్సిళ్ళలో ఆవిడకి ఏ రంగు ఇవ్వాలా అని చూస్తున్నాను.

ఇంతలో మా ఆయన ఎదురుగా వచ్చి నిలబడి చేతులు ఊపడం మొదలుపెట్టారు. కుడి చెవిలోది తీశాను.

"అమ్మ పిలుస్తోంది. వినపడట్లేదా?"

"మీకు వినపడిందిగా" అని మళ్ళీ పెట్టేసుకున్నాను.