తోడికోడలి లాప్‌టాప్

షోల్పాన్ కొత్త లాప్‌టాప్ కొన్నదన్న కబురు కమ్షాత్ చెవిన శనివారమే పడింది. ఆదివారం అత్తగారింట్లో గుర్రపు మాంసం గొంతు దిగకపోవడానికి కారణం అదే గానీ, అడిగినవాళ్ళకి మాత్రం పంటినొప్పి అని చెప్పింది.

కమ్షాత్ ఆ ఇంటి పెద్దకోడలు, షోల్పాన్ చిన్నకోడలు. తరాజ్ పట్నంలో చపాన్ కోట్ల మీద కుట్టే పువ్వులంటే కమ్షాత్ పేరు చెప్పని దర్జీ లేడు. ఆమె లాప్‌టాప్‌లో పొట్టేలు కొమ్ముల మెలికలు గీసిస్తే, ఎంబ్రాయిడరీ యంత్రం ఆ గీత వెంబడే దారం కుట్టుకుంటూ పోతుంది. ఎనిమిదేళ్ళుగా ఆమెకు ఒకటే లాప్‌టాప్. నల్లది, విండోస్‌ది, ఇటుకంత బరువు. ఒక మీట ఊడిపోయి మూడేళ్ళయింది. ఫ్యాన్ మోత వింటే పక్కగదిలో ఎవరో నీళ్ళు మరగబెడుతున్నారనుకుంటారు.

షోల్పాన్ కాపురానికి వచ్చిన కొత్తలో ఏడాదిపాటు ఆ లాప్‌టాప్ పక్కనే కూర్చుని కమ్షాత్ దగ్గర పని నేర్చుకుంది. ఆ తర్వాత మానేసి పెళ్ళి వీడియోల్లోకి, ఫోన్లలో పంపే శుభలేఖల్లోకి దిగింది. ఎందుకు మానేసిందని ఎవరైనా అడిగితే కమ్షాత్ పెదవి విరిచి, “పాపం, ఆ పిల్ల చేతికి గీత రాదు” అనేది. ఇప్పుడు ఆ గీత రాని పిల్లే ఊళ్ళో సగం పెళ్ళిళ్ళకి పిలుపులు తయారుచేస్తోంది.

భోజనాలయ్యాక షోల్పాన్ లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టింది. వెండి రంగు. వేలెడు మందం కూడా లేదు. మూత మీద కొరికిన ఆపిల్ పండు బొమ్మ.

“ఇంతేనా? పళ్ళెంలా ఉందే. దీంట్లో అన్ని పెళ్ళిళ్ళు ఎలా పట్టాయే?” అంది అత్తగారు రాబిగా.

“పట్టాయి అత్తయ్యా. ఇది విండోస్ కాదు, మ్యాక్. మొత్తం దీనికే మారిపోయాను. మొదటివారం ఏ మీట ఎక్కడుందో తెలీక ఏడుపొచ్చింది. ఇప్పుడు పాతదాని మొహం చూడబుద్ధి కావట్లేదు.”

కొత్త వస్తువుని మొదటిసారి చూసినవాళ్ళు ఉత్తచేతులతో చూడకూడదు, బైగజీ పెట్టాలి. రాబిగా రొంటిన దాచుకున్న నోటు తీసి ఇచ్చింది. కమ్షాత్ భర్త బేకెత్ జేబులో చెయ్యి పెట్టి, ఎంతో చూసుకోకుండానే తీసిచ్చాడు. అది చూసి కమ్షాత్ కళ్ళల్లో నిప్పులు పోసుకుంది. తన వంతు వచ్చేసరికి సంచీ వెతికి, ఎవరి పెళ్ళిలోనో తనకు పెట్టిన తలగుడ్డ మడత విప్పకుండా అలాగే ఇచ్చింది. షోల్పాన్ దాన్ని రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకుంది. అది చూసి ఇంకా మండింది కమ్షాత్‌కి.

అందరూ తెర చుట్టూ మూగారు. టీ పోసేవాళ్ళు లేరు. “కమ్షాత్, ఇవాళ్టికి నువ్వే పొయ్యవే” అంది అత్తగారు. చిన్నకోడలు ఇంట్లో ఉండగా పెద్దకోడలు టీ కాచే సమోవార్ దగ్గర కూర్చోవడం పదకొండేళ్ళ కాపురంలో ఇదే మొదటిసారి. టీ గిన్నెలో సగానికి తక్కువ పోస్తే మర్యాద, ఇంకా కూర్చోండి, మళ్ళీ పోస్తామని. నిండా పోస్తే తాగి బయల్దేరమని. కమ్షాత్ అందరికీ సగం సగం పోసింది. షోల్పాన్ గిన్నె మాత్రం అంచు దాకా నింపింది.

రాబిగా ముసలిదే గానీ కళ్ళు ముసలివి కావు. “దాన్నెక్కడికి పొమ్మంటావే? అదుండేది ఈ ఇంట్లోనేగా” అంది. అందరూ నవ్వారు. తర్వాత దిష్టి తగలకుండా కొత్త లాప్‌టాప్ చుట్టూ ఎండు ఆదిరాస్పాన్ మొక్క పొగ తిప్పుతుంటే కమ్షాత్‌కి దగ్గొచ్చింది. “ఏమ్మా, పొగ నీకే తగులుతోందే” అంది అత్తగారు మళ్ళీ.

ఇంటికొచ్చేదాకా కమ్షాత్ నోరు విప్పలేదు. తలుపు మూయగానే విప్పింది.

“నాకూ అలాంటిదే కావాలి. అలాంటిది కాదు, దానికంటే పెద్దది.”

“నీదానికేమయింది? పని చేస్తోందిగా.”

“ఆ తుక్కుముందు కూర్చుంటే కొత్త పువ్వు పుడుతుందా?”

అసలు చిక్కు అక్కడే ఉంది. నౌరోజ్ పండక్కి సాంస్కృతిక భవనం నాట్యబృందానికి ఇరవైనాలుగు చపాన్‌లు కుట్టాలి. “ఇంతవరకూ ఏ వీపు మీదా కనపడని పువ్వు కావాలి. పాతదే తెస్తే పని షిమ్‌కెంట్ ఊరి దర్జీలకిచ్చేస్తాను” అని నాట్యబృందం పెద్దావిడ ముందే చెప్పేసింది. ఆ పని చేజారితే ఊళ్ళో కమ్షాత్ పేరుకి ఇంక విలువుండదు. నెలరోజులుగా ఏం గీసినా అదే కొమ్ము, అదే మెలిక. తప్పంతా లాప్‌టాప్‌దేనని ఆదివారం ఆమెకు గట్టి నమ్మకం కుదిరింది.

“సరే, కొందువు గానీ, ముందు షోల్పాన్‌ని ఒక్కమాట అడుగు. ఏది దేనికి పనికొస్తుందో ఆ పిల్లకి తెలుసు” అన్నాడు బేకెత్.

“దాన్ని నేనడగాలా?”

“అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా?”

రాలిపోతాయనే అనుకుంది కమ్షాత్. మర్నాడే బజారుకి వెళ్ళింది. దుకాణంలో కుర్రాడు, “ఏ పనికి కావాలక్కా? పనిని బట్టి చూపిస్తాను” అన్నాడు. వాడు వరసగా మూడు తెరిచి పెట్టాడు. ఒకటి విండోస్‌ది, బలంగా ఉంది, పక్కన రకరకాల కన్నాలున్నాయి, సగం ధరే. కమ్షాత్ దానివంక కన్నెత్తి చూడలేదు. కొరికిన పండున్న వాటిల్లో ఏది పెద్దదని అడిగింది. పనేమిటో చెప్పనేలేదు. దాచుకున్నదంతా ఇచ్చి, చాలనిదానికి వాయిదాలు రాయించుకుని, పెట్టె చంకన పెట్టుకుని వచ్చింది. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు అంటారే, ఆ నక్క కూడా ముందు నొప్పెడుతుందా అని ఎవరినో అడిగే ఉంటుంది.

ఆ ఆదివారం విందు కమ్షాత్ ఇంట్లో. లాప్‌టాప్‌ని బల్ల నడిమధ్యన, మూత మీది పండు షోల్పాన్ వైపు తిరిగేలా పెట్టింది. షోల్పాన్ దాన్ని చూసి మొదట సంతోషించింది, తర్వాత కనుబొమలు ముడుచుకుంది. పచ్చటి పట్టుగుడ్డ ఒకటి బైగజీగా పెట్టి, “అక్కా, మరి మీ కుట్టు ప్రోగ్రాం దీంట్లో...” అని మొదలుపెట్టింది.

“టీ తాగు” అంది కమ్షాత్. గిన్నె అంచు దాకా పోసింది. ఈసారి ఇల్లు తనదే. షోల్పాన్ నోరు మూసుకుంది.

“మరి ఆ పాతదాన్ని ఏం చేస్తావే?” అంది అత్తగారు.

కమ్షాత్ ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉంది. నల్ల లాప్‌టాప్‌ని వైర్లతో సహా తెచ్చి షోల్పాన్ ఒళ్ళో పెట్టింది. “నీ కూతురికియ్యి. బొమ్మలు చూసుకుంటుంది. విండోస్‌ది మరి, నీ స్థాయికి తగదు గానీ, పిల్లలకి చాల్లే.” బేకెత్ తల దించుకున్నాడు. షోల్పాన్ దాన్ని రెండు చేతులా పట్టుకుంది.

సోమవారం పొద్దున్నే కమ్షాత్ కొత్తదాని ముందు కూర్చుంది. గీతలన్నీ ముందే చిన్న డిస్కులోకి తీసి పెట్టుకుంది, అవి ఉన్నాయి. వాటిని తెరిచే ప్రోగ్రాం మాత్రం ఎక్కనంది. ఎన్నిసార్లు నొక్కినా, ఇది ఈ కంప్యూటర్‌కి చేసింది కాదని ఒకే మాట. మంగళవారం రిపేరు చేసే అతన్ని పిలిపించింది. అతను చూసి, “ఈ కుట్టు ప్రోగ్రాం విండోస్‌కే చేశారక్కా. దొడ్డిదారిలో ఎక్కిద్దామన్నా దానితో వచ్చిన తాళం ముక్క ఉండాలి. ఏదీ?” అన్నాడు.

“ఏ తాళం?”

“పక్కన గుచ్చుతారు చూడండి, బొటనవేలంత ఉంటుంది. అది లేకపోతే ఎందులోనూ తెరుచుకోదు.”

కమ్షాత్‌కి అప్పుడు గుర్తొచ్చింది. ఎనిమిదేళ్ళుగా నల్ల లాప్‌టాప్ పక్కన ఎర్రటి ముక్కొకటి గుచ్చుకుని ఉంది. అది ఊడొచ్చే వస్తువన్న సంగతే మర్చిపోయింది. అదిప్పుడు షోల్పాన్ ఇంట్లో ఉంది. కొత్తదాన్ని ఎత్తి నాలుగువైపులా తిప్పి చూసింది. ఆ ముక్క పట్టే కన్నం కూడా దానికి లేదు. బజారుకి ఫోన్ చేస్తే, తెరిచిన పెట్టెని వెనక్కి తీసుకోం అన్నారు. పెద్దావిడకి పువ్వు చూపించాల్సింది శుక్రవారం.

మంగళవారం, బుధవారం కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంది. కాగితం మీద గీసింది, చింపింది. గురువారం మధ్యాహ్నం బావూర్సక్ పిండి ఉండలు నూనెలో వేయించి, వేడివేడివి డబ్బాలో పెట్టుకుని అత్తగారింటికి నడిచింది. ఇచ్చినదాన్ని తిరిగి అడగడానికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో దారి పొడుగునా తెలియలేదు.

లోపలికి అడుగు పెట్టగానే ఫ్యాన్ మోత వినపడింది. షోల్పాన్ గదిలో వెండి లాప్‌టాప్ ఓ పక్కన మూసి ఉంది. నల్లది బల్ల మీద తెరిచి ఉంది. షోల్పాన్ ఉలిక్కిపడి దాని మూత దించేసింది.

కమ్షాత్ డబ్బా అత్తగారి చేతికిచ్చి నిలబడింది. “చెల్లీ, ఆ పాతదాన్ని ఒక పదిరోజులు...”

“ఇచ్చిందే మళ్ళీ అడుగుతున్నావా? కుక్క కూడా కక్కినదాన్ని ఓసారి ఆలోచించి తింటుంది” అంది రాబిగా.

“అత్తయ్యా, ఊరుకోండి. అది అక్కదే” అంది షోల్పాన్. “మీ ప్రోగ్రాం ఎక్కలేదు కదూ? నేను కుట్టుపని మానేశాను కాబట్టి మారగలిగానక్కా. వీడియోలకి అది మంచిది. మీ పనికి ఇదే మంచిది. మీరెందుకు మారడం?”

“ఆ మాట ఆదివారమే చెప్పకూడదా?”

“చెప్పబోయాను. మీరు గిన్నె నిండా పోశారు.”

కమ్షాత్ ముందుకొచ్చి నల్ల లాప్‌టాప్ మూత ఎత్తింది. షోల్పాన్ అడ్డంపడబోయి ఆగిపోయింది.

తెర మీద పువ్వొకటి ఉంది. కింద చపాన్ అంచు దగ్గర పొట్టేలు కొమ్ములు, కమ్షాత్ గీసే కొమ్ములే. పైకి పోయేకొద్దీ మెలిక వదులవుతూ, భుజాల దగ్గరికి వచ్చేసరికి అవే కొంగల మెడలయ్యాయి. మెడ చుట్టూ కాలర్ దగ్గర ఆ కొంగలు ఎగిరిపోతున్నాయి. కమ్షాత్ కన్ను అలవాటు కొద్దీ దారం వెంట నడిచింది. ఎక్కడ మొదలైందో అక్కడికే వచ్చి ముగిసింది, మధ్యలో ఒక్కచోట కూడా దారం తెంపాల్సిన పని లేదు. ఇలాంటిది తను ఎనిమిదేళ్ళలో ఒక్కటి గీయలేదు. ఇది మూడు రోజుల్లో, మీట ఊడిన ఈ తుక్కులోనే పుట్టింది.

“వీడియోలు తయారవుతుంటే ఖాళీగా కూర్చోలేక గీశానక్కా” అంది షోల్పాన్. “ప్రోగ్రాం కనపడేసరికి చెయ్యి ఊరుకోలేదు. మీ అనుమతి లేకుండా ముట్టుకున్నాను. తుడిచెయ్యండి.”

కమ్షాత్ వేలు తుడిచే మీట మీదికే వెళ్ళింది. ఒక్కసారి నొక్కితే పోతుంది. షోల్పాన్ మళ్ళీ అడగదు, ఎవరికీ చెప్పదు. కడుపులో మంట ఇప్పుడున్నంత ఎప్పుడూ లేదు. వెండి రంగు లాప్‌టాప్‌ని చూసి పడ్డ ఏడుపు దీని ముందు ఏపాటిది? లాప్‌టాప్ అయితే బజారులో దొరికింది.

షోల్పాన్ కొత్తకోడలిగా ఉన్న రోజుల్లో ఒక మధ్యాహ్నం కమ్షాత్‌కి గుర్తొచ్చింది. ఇదే లాప్‌టాప్‌లో ఆ పిల్ల ఒక చిన్న కాలర్ పువ్వు గీసి, ఎలా ఉందక్కా అని అడిగింది. గీత ఎక్కడా వణకలేదు. కమ్షాత్ దాన్ని చాలాసేపు చూసింది. చూసి, “నీ చేతికి గీత రాదమ్మా, వేరే పని చూసుకో” అంది. ఆ పిల్ల నమ్మింది.

కమ్షాత్ మీట మీంచి వేలు తీసింది. ముంజేతి వెండి కడియం లాగింది. పెళ్ళినాడు అత్తగారు తొడిగింది, ఎముక దగ్గర పట్టేసి ఒక పట్టాన ఊడి రాలేదు. తీసి లాప్‌టాప్ మీద పెట్టింది.

“దేనికే అది? నీ పాత డబ్బాకి నువ్వే బైగజీ పెడుతున్నావా?” అంది రాబిగా.

“పువ్వుకి అత్తయ్యా. మొదటిసారి చూస్తున్నానుగా” అంది కమ్షాత్. ఆ మాట నోట్లో నిలవలేదు. “మొదటిసారి కాదు. ఐదేళ్ళ కిందట చూశాను. నీకు గీత వస్తుందని నాకు అప్పుడే తెలుసు షోల్పాన్. తెలిసే రాదన్నాను.”

రాబిగా ఈసారి ఏ చురకా వేయలేదు.

“రేపు పెద్దావిడ దగ్గరికి ఇద్దరం వెళ్దాం” అంది కమ్షాత్, గొంతు గట్టిగా పెట్టుకుని. “నీ పువ్వని నువ్వే చెప్పు. నా నోటితో చెప్పమంటే నేను మళ్ళీ ఏదో ఒకటి అంటాను. నాకింకా మండుతూనే ఉంది.”

షోల్పాన్ కడియం తీసుకోలేదు, వద్దనలేదు. లేచి సమోవార్ దగ్గరికి వెళ్ళింది. పెద్దకోడలికి టీ పోయడం చిన్నకోడలి పని. ఆమె వీపు ఇటే ఉంది గానీ, భుజాలు కదులుతున్నాయి. తిరిగొచ్చి గిన్నె ముందు పెట్టింది. గిన్నె అంచు దాకా నిండి ఉంది.

కావాలని పోసిందో, కళ్ళనీళ్ళలో కనపడక పోసిందో కమ్షాత్‌కి తెలియలేదు. అడగలేదు. నిండా పోస్తే తాగి బయల్దేరాలి. ఆమె ఆ టీ కొంచెం కొంచెంగా తాగింది, చల్లారిపోయాక కూడా తాగింది. ఖాళీ గిన్నె మళ్ళీ ముందుకి జరిపి, పోస్తుందా లేదా అని షోల్పాన్ చేతివంక చూస్తూ కూర్చుంది.