రేపు మాస్టారి యాప్

ఎవరేమడిగినా కాదనలేకపోవడం మన టైలర్ మాస్టారికి పుట్టుకతో వచ్చిన జబ్బు. చేతులు పొడుగు పెంచాలా? సరే. లోపల ఇంకో జేబు కావాలా? సరే. మరి ఎప్పుడిస్తారు? రేపు! ఆ రేపు ఎన్నడూ రాదు కనుక వీధి వీధంతా ఆయన్ని రేపు మాస్టారనే పిలుస్తుంది.

అలాంటి మనిషికి బొత్తాలమ్మే ఆసామి వాట్సాప్‌లో ఓ లింకు పంపాడు. నొక్కితే కొత్త డిజైన్ల యాప్, అంతా ఉచితమట. తెలియని చోటు నుంచి వచ్చింది, ప్రమాదమని ఫోను మొత్తుకుంది. వింటేగా! కాంటాక్టులు చూడనా అనడిగింది యాప్. సరే. మెసేజ్‌లు చదవనా, మీ పేరుతో పంపనా? సరే, సరే. అడిగినవాళ్లకి లేదనడం ఎరగని వేలు అది.

మధ్యాహ్నానికి ఫోను ఇస్త్రీపెట్టెలా కాలసాగింది. ఫోన్లు బాగుచేసే బావమరిది కొట్టుకి పరుగెత్తాడు మాస్టారు.

"కొంప ముంచావు బావా! 'మీ బట్టలు రెడీ, ఫొటో కోసం ఇక్కడ నొక్కండి' అని నీ పేరు మీద అందరికీ వెళ్లిపోయింది. నొక్కితే ఈ పురుగే వాళ్ల ఫోన్లలోకీ దూరుతుంది. బ్యాంకు మెసేజ్‌లు కూడా వదలదు."

నమ్మి నొక్కినవాళ్లు మళ్లీ తన కొట్టు గడప తొక్కుతారా? బావమరిది చేతిలోని ఫోను లాక్కుని, మాస్టారే అందరికీ ఫోన్లు చేశాడు.

"నేను నొక్కలేదండీ" అంది బడి టీచరు, నవ్వాపుకుంటూ. "మీ దగ్గర బట్టలు రెడీ అంటేనే దొంగ మెసేజని తెలిసిపోయింది."

నర్సూ అదే మాటంది. బేకరీ ఆయనైతే పగలబడి నవ్వాడు. ఒక్కరంటే ఒక్కరు నమ్మలేదు. సిగ్గేసింది గానీ, బతుకుజీవుడా అనుకుంటూ ఇల్లు చేరాడు మాస్టారు.

"ఏమండీ, నా ఫోనుకేమైందో చూడండి. నీలం డ్రెస్సు ఫొటో చూద్దామని నొక్కానా, అప్పట్నుంచీ కాలిపోతోంది" అంది భార్య.

పెళ్లైన కొత్తలో కుట్టమని ఆవిడిచ్చిన గుడ్డ అది. కొట్లో అలమర అడుగున పడుంది.

"ఊళ్లో ఎవరూ నమ్మలేదే. నువ్వెలా నమ్మావు?"

"మీరు కుడతానన్నారుగా!"

మాస్టారికి ఏడుపొచ్చినంత పనైంది. రెండో ఫోనూ బావమరిదికి అప్పజెప్పి, కొట్టు తెరిచి, నీలం గుడ్డ దులిపి మిషనెక్కించాడు.

సాయంత్రం ఎవరో ప్యాంటు పట్టుకుని వచ్చారు. "మాస్టారూ, ఇది కాస్త..."

"కుదరదు" అన్నాడు మాస్టారు, తలెత్తకుండా.