సంబరానికి విడిపించిన హారం

కోటబొమ్మాళి స్టేషన్‌లో రైలు దిగి ఆటో ఎక్కితే పావుగంటలో వచ్చే ఊరది. పేరు మాత్రం చెప్పను. చెబితే "మమ్మల్ని ఆడిపోసుకున్నావు" అని ఆ ఊరివాళ్లూ, "ఆ కథ మాది, వాళ్ల ఊరికి కట్టబెట్టావేం" అని చుట్టుపక్కల నాలుగు ఊళ్లవాళ్లూ నా మీదికి పోట్లాటకు వస్తారు. ఐదేళ్లకోసారి ఆ ఊళ్లో అమ్మవారి సంబరం జరుగుతుంది. మూడు రోజులు ఘటాలు, డప్పులు, ఇంటినిండా చుట్టాలు. సంబరానికి నెల ముందు నుంచి ఊళ్లోని మగవాళ్లు ఒక్కొక్కరే, ఒకరికొకరు చెప్పుకోకుండా, టౌనుకు వెళ్లి వస్తుంటారు. ఎందుకని అడిగితే ఎరువు కోసమంటారు. మే నెలలో ఎరువేమిటని ఎవరూ ఎదురడగరు. అడిగితే తాము ఎందుకు వెళ్లారో తామూ చెప్పుకోవాల్సి వస్తుంది.

అసలు సంగతి ఏమిటంటే వాళ్లంతా వెళ్లేది తాకట్టులో ఉన్న బంగారం విడిపించడానికి. మూడు రోజులు ఆడవాళ్ల మెడల్లో ధగధగలాడిన బంగారం నాలుగో రోజున బస్సెక్కి మళ్లీ టౌనుకు వెళ్లిపోతుంది. చుట్టాల కంటే ముందు ఊరు వదిలేది అదే.

నరసింగరావు ఆ ఊరివాడే. సెంట్రింగ్ మేస్త్రీ. భోగాపురం వైపు కొత్తగా లేస్తున్న భవనాలకు పలకలు పరిచి, వాటికి ఊతంగా పోట్లు నిలబెట్టి వస్తుంటాడు. మంచి పనివాడు, నలుగురికీ కావలసినవాడు. సాయంత్రం అరుగు మీద కూర్చుని తన ఆస్తి తానే లెక్కపెట్టుకోవడం అతనికి సరదా. "ఎకరంన్నర పల్లం ఉన్నాది. డాబా ఇల్లున్నాది. బండున్నాది. కుమారికి మూడు తులాల హారమున్నాది. నాకేటి తక్కువ?" అనేవాడు. ఆ పల్లపు పొలం మీద సొసైటీ అప్పు, బండి మీద ఫైనాన్సు, హారం మీద గోల్డ్ లోను ఉన్న సంగతి ఆ లెక్కలోకి రానిచ్చేవాడు కాదు. పాఠకులు నవ్వుకోవద్దు. మనలో చాలామంది ఇళ్లలో లెక్క ఇలాగే ఒంటికాలి మీద కుంటుతుంటుంది.

ఈసారి సంబరం కమిటీకి పెద్ద మోహనకృష్ణ. రైసుమిల్లు ఉన్నవాడు, వేసుకున్న తెల్లచొక్కా సాయంత్రానికి కూడా నలగనివాడు. చందా కోసం నరసింగరావు ఇంటికి వచ్చి ఐదు వేలు రాయించుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ఊరుకోక, "ఏటి బావా, మా సెల్లెమ్మ మెడ బోసిగున్నాది. హారమేదీ?" అన్నాడు.

"బీరువాలో ఉన్నాది. సంబరానికి ఏసుకుంతాది" అన్నాడు నరసింగరావు.

ఉన్నది బీరువాలోనే. కాకపోతే ఆ బీరువా టౌనులో గోల్డ్ లోను ఆఫీసువాళ్లది. రెండేళ్ల కిందట లక్షా ఇరవై వేలకు పెట్టిన హారం వడ్డీతో కలిసి లక్షా అరవై వేలకు ఎదిగి కూర్చుంది. నరసింగరావు చేతిలో ఉన్నది పదివేలు. ఇంట్లో మరో యాభై వేలున్నాయి గాని అవి అతనివి కావు. కూతురు ఝాన్సీ శ్రీకాకుళంలో నర్సింగ్ రెండో ఏడాది చదువుతోంది. ఫీజు బాకీ కడితేగాని హాల్ టికెట్ ఇవ్వమని కాలేజీవాళ్లు చెప్పేశారు. గడువు సంబరం వెళ్లిన శుక్రవారం. ఆ ఫీజు కోసమే భార్య కుమారి డ్వాక్రా సంఘంలో రూపాయి రూపాయి దాచింది.

"ఆ డబ్బు ముట్టుకోకు మావా. అది పిల్ల పరీచ్చకి" అంది కుమారి.

"ముట్టుకోవడమేటే. తిప్పుతన్నాను. సంబరం అయిపోగానే హారం మళ్లీ పెట్టీసి, ఆ డబ్బుతో ఫీజు కట్టీడమే."

"మళ్లీ పెట్టీడానికే అయితే తేవడం దేనికి?"

జవాబు లేనప్పుడు మొగుళ్లు వాడే మాట ఒకటి తరతరాలుగా సిద్ధంగా ఉంది. "నీకు తెలవదు, నువ్వు ఊరుకో" అన్నాడు నరసింగరావు. కుమారి ఊరుకుంది. అలా ఊరుకున్నందుకు ఆమె తర్వాత తనను తానే తిట్టుకుంది.

తక్కువపడిన లక్ష కోసం నరసింగరావు అరసవల్లిలో ఉన్న బావ ఎల్లాజీకి ఫోన్ చేశాడు. ఎల్లాజీ అతని అక్క వెంకటలక్ష్మి భర్త. గుడి దగ్గర పూజసామాను కొట్టు నడుపుతున్నాడు. బావమరిది అడగక అడగక అడిగాడని ఎల్లాజీకి లోపల కొంచెం గర్వం కూడా కలిగినట్టుంది. కాసేపు ఆగి, "లచ్చే గదా. సాయంత్రానికి అందుతాది" అన్నాడు. ఎందుకు ఆగాడో నరసింగరావు ఆలోచించలేదు.

హారం ఇంటికి వచ్చింది. దానితోపాటు నరసింగరావుకు ధైర్యమూ వచ్చింది. మూడు మేకపోతుల్ని దాలయ్య దగ్గర అరువుకు తోలుకొచ్చాడు. షామియానా, కుర్చీలు, వంటపాత్రలు బాబీ దగ్గర అరువు. డీజే కూడా అరువే. ఎవరడిగినా ఒకటే మాట: "బుధవారం ఇచ్చీత్తాను." బుధవారం హారం మళ్లీ తాకట్టుకు వెళ్తుంది గదా. ఆ ఒక్క హారం మీద అతను ఎంతమందికి మాటిచ్చాడో అమ్మవారికే తెలియాలి.

ఆదివారం సంబరం మొదలైంది. కుమారి హారం వేసుకుని ఘటాల వెంట నడిచింది. నరసింగరావు ఘటాలను చూడలేదు. హారాన్ని ఎవరెవరు చూస్తున్నారో చూశాడు. మోహనకృష్ణ భార్య అనూరాధ రెండుసార్లు చూసింది. అది చాలు, అతనికి కడుపు నిండిపోయింది.

మధ్యాహ్నం అక్కాబావా ఆటో దిగారు. నెత్తి మీద ఎండ నిప్పులు చెరుగుతోంది. వెంకటలక్ష్మి మెడచుట్టూ శాలువా కప్పుకుని ఉంది.

"ఏటప్పా, ఒంట్లో బాగోనేదా?" అని అక్కను అడిగాడు నరసింగరావు.

"గొంతు నొప్పిరా. జలుబు" అంది ఆమె, నేల చూస్తూ.

జలుబు చేసిన మనిషి రెండు గ్లాసుల చల్లటి మజ్జిగ తాగింది. ఫ్యాను కింద కూర్చుని చెమటలు కక్కింది. శాలువా మాత్రం తీయలేదు. వాళ్ల తల్లి దాలమ్మకు ఎనభై దాటాయి, చూపు మందగించింది గాని కూతురి అబద్ధం కనిపెట్టడానికి చూపుతో పని లేదు. గొంతుకు రాస్తానని మందు సీసా పట్టుకొచ్చి, వద్దంటున్నా వినకుండా శాలువా లాగేసింది. మెడలో పుస్తెలతాడు ఒక్కటే ఉంది.

"నీ హారమేదే?"

"ఇంటికాడ మర్సిపోనానమ్మా."

"సంబరానికొత్తా హారం మర్సిపోయి, మే నెల్లో శాలువా గుర్తెట్టుకుని తెచ్చుకున్నావేటే?" అంది దాలమ్మ.

పందిట్లో నవ్వులు లేచాయి. వెంకటలక్ష్మికి మాత్రం కళ్లనీళ్లు తిరిగాయి. "తమ్ముడు లచ్చ కావాలన్నాడు. నేదని సెప్పడానికి ఈయనకి నామోషీ. నా హారం పెట్టీసి తెచ్చినాడు" అంది. ఎల్లాజీ లేచి, చేయి కడుక్కునే నెపం మీద పెరట్లోకి వెళ్లిపోయాడు. ఏ ఆఫీసులో పెట్టారని ఆరా తీస్తే, అది నరసింగరావు హారం విడిపించిన ఆఫీసువాళ్లదే, శ్రీకాకుళం బ్రాంచి. పెట్టింది కూడా అతను విడిపించడానికి ముందురోజే. ఒక హారం లోపలికి వెళ్తే వచ్చిన డబ్బుతో ఇంకో హారం బయటికి వచ్చింది.

దాలమ్మకు విషయం అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. "అయితే ఒరే నర్సింగా, నా కూతురి మెడ కాళీ సేసి నా కోడలి మెడ నింపినావు. మజ్జిన వడ్డీ ఆ ఆఫీసోడికి. ఆడు గదరా సంబరం సేసుకుంతన్నాడు" అంది.

అంతవరకు ఎవరేమన్నా నవ్వుతూ తిరిగిన నరసింగరావుకు ఆ మాటతో తల వాలిపోయింది. చిన్నప్పుడు జ్వరం వస్తే తనను వీపున మోసుకుని ఆసుపత్రికి నడిచిన అక్క, ఇప్పుడు తన గొప్ప కోసం నలుగురిలో శాలువా కప్పుకుని కూర్చుంది. నిజంగా సిగ్గుపడ్డాడు. కుమారి పమిటకొంగు లాక్కుని హారాన్ని దాచుకుంది. ఒకరు లేనిదాన్ని దాచుకుంటే ఇంకొకరు ఉన్నదాన్ని దాచుకోవలసి వచ్చింది. అదీ ఆ సంబరం వైభవం.

బుధవారం తెల్లవారగానే దాలయ్య, బాబీ, డీజే కుర్రాడు వరసగా వచ్చి అరుగు మీద కూర్చున్నారు. ముగ్గురి బాకీ కలిపితే లక్ష. ఎల్లాజీకి లక్ష. ఆఫీసుకు ఫోన్ చేస్తే ఆ హారం మీద రెండు లక్షలకు మించి ఇవ్వమన్నారు. నరసింగరావు వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. మళ్లీ విప్పి పెట్టాడు. ఎలా పెట్టినా ఝాన్సీ ఫీజు దగ్గరకు వచ్చేసరికి వేళ్లు అయిపోతున్నాయి.

"ఈ ఏడు పరీచ్చ మానీసి వచ్చే ఏడు రాసుకుంటే ఏటవుతాదమ్మా?" అని సంబరానికి ఇంటికి వచ్చిన కూతుర్ని అడిగాడు, ఆమె మొహం చూడకుండా.

ఝాన్సీ ఏడవలేదు, అలగలేదు. ఇస్త్రీ చేసి పెట్టుకున్న తెల్ల యూనిఫాం తీసి సంచిలో అడుక్కి పెట్టేసి, "సరే నాన్నా" అంది.

తిట్టినా బాగుండుననిపించింది అతనికి. కుమారి అప్పటికే మెడలోంచి హారం తీసింది. తెచ్చి అతని చేతిలో పెట్టి, "పెట్టకు, అమ్మీ" అంది.

"అమ్మడమేటే? ఊరేటంతాది?"

"రెండేళ్లు తాకట్టులో ఉన్నప్పుడు ఊరేటన్నాది? హారం నేక నా మెడేటీ ఇరిగిపోనేదు. ఆ వడ్డీలు కట్టలేక మన నడుములే ఇరిగిపోతన్నాయి. ఇప్పుడు మళ్లీ పెడితే రెండు లచ్చలు నెత్తి మీదుంతాయి, పిల్ల ఇంట్లో ఉంతాది. అమ్మీసినామంటే అందరి బాకీ తీరిపోతాది, పిల్ల పరీచ్చ రాస్తాది. నా హారం, నాను సెప్తన్నాను. ఈసారి ఊరుకోమంటే ఊరుకోను."

నరసింగరావు సరేనన్నాడు. కానీ టౌనులో అమ్మితే ఎవరైనా చూస్తారు. శ్రీకాకుళంలో అమ్మితే బావ కొట్టుకు వచ్చేవాళ్లు చూస్తారు. అందుకని గురువారం పొద్దున్నే కోటబొమ్మాళిలో రైలెక్కి, తనను పలకరించే నాథుడు లేని విజయనగరంలో దిగాడు. మెయిన్ రోడ్డులో ఒక నగల దుకాణం చూసుకుని, అటూ ఇటూ చూసి, గబుక్కున లోపలికి దూరాడు.

బెంచీ మీద మోహనకృష్ణ కూర్చుని ఉన్నాడు. ఒళ్లో గుడ్డసంచి, దాని మీద రెండు చేతులు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వెనక్కి తిరిగేందుకు ఇద్దరికీ వ్యవధి లేకపోయింది.

"ఏటి బావా ఇలాగొచ్చినావు?" అన్నాడు మోహనకృష్ణ.

"రేటు కనుక్కుందామని. నువ్వో?"

"నానూ అంతే. రేటు కోసమే."

"ఎలగున్నాది రేటు?"

"బాగున్నాది."

వంద కిలోమీటర్లు వచ్చి రేటు కనుక్కుంటున్న ఆ ఇద్దరు పెద్దమనుషులూ పక్కపక్కనే కూర్చుని గోడ మీది క్యాలెండర్ కేసి చూడసాగారు. "పాత బంగారం అమ్మకానికి తెచ్చినవాళ్లు ఇటు రండి" అని కౌంటర్ దగ్గరి మనిషి పిలిచాడు. ఇద్దరూ కదల్లేదు. మళ్లీ పిలిచాడు. వెనక వచ్చినవాళ్లు ముందుకు వెళ్లి, అమ్ముకుని, డబ్బు తీసుకుని వెళ్లిపోతున్నారు. మోహనకృష్ణ కాలు ఊపుతున్నాడు. నరసింగరావుకు కూతురి మొహం గుర్తొచ్చింది. రేపే గడువు. తను ఇక్కడ కాపాడుతున్నది ఎవరి పరువు? పక్కనున్న ఈ మనిషికి చూపించుకోవడానికేనా ఇదంతా చేశాడు? ఆ మనిషి కూడా సంచి పట్టుకుని ఇక్కడే కూర్చున్నాడు గదా.

లేచి నిలబడ్డాడు. "నాను రేటు కోసం రానేదు బావా. అమ్మడానికొచ్చినాను" అని అందరికీ వినబడేటట్టే చెప్పి కౌంటర్ దగ్గరకు నడిచాడు.

హారానికి మూడు లక్షల పదివేలు అతని ఖాతాలో పడ్డాయి. అక్కడే నిలబడి ఎల్లాజీకి లక్ష పంపి, "అప్ప హారం ఇప్పుడే విడిపించీ బావా. ఎవులికోసమూ మరి పెట్టకు. నాను అడిగినా పెట్టకు" అని ఫోన్‌లో చెప్పాడు. యాభై వేలు కాలేజీకి కట్టాడు. దాలయ్య, బాబీ, డీజే బాకీకి లక్ష పక్కన పెట్టాడు. ఝాన్సీకి ఫోన్ చేసి, "యూనిఫాం పైకి తియ్యమ్మా" అన్నాడు.

మోహనకృష్ణ అప్పటికీ బెంచీ మీదే ఉన్నాడు. నరసింగరావు దగ్గరకు రాగానే గొంతు తగ్గించి, "బావా, నన్నిక్కడ సూసినట్టు ఊళ్లో సెప్పకు" అన్నాడు.

"నీ సంగతి సెప్పను. నాది మాత్రం నానే సెప్పుకుంతాను."

"నవ్వరేటి?"

"నవ్వితే నవ్వుతారు. నవ్వుకి వడ్డీ నేదు గదా."

మోహనకృష్ణ ఒళ్లోని సంచి నిమిరాడు. "మరి ఇదంతా పోగా నీకేటి మిగిల్నాది బావా?" అని అడిగాడు. ఈసారి ఆ గొంతులో వెక్కిరింత లేదు.

"అరవై వేలు. కుమారి పేరన పోస్టాఫీసులో ఏస్తాను. పల్లం మీద అప్పూ, బండి మీద అప్పూ ఇంకా ఉన్నాయి. ఇన్నాళ్లూ ఆటిని లెక్కలోకి రానీకుండా నాకు అదున్నాది, ఇదున్నాది అనుకున్నాను. ఉన్నదంతా మనది కాదు బావా. ఎవుల్ది ఆళ్లకి ఇచ్చీసినాక ఏటి మిగిల్తే అదే మనది. అదెంతో సూసుకుని సంబరం సేసుకోవాల."