ముప్పయ్యో పేరు

ముప్పైమంది పిల్లలు లేని బడి మూసేస్తారని కాగితం వచ్చిన రోజు మా పేటలో నాకు తప్ప ఎవరికీ కంగారు పుట్టలేదు. నాకు కంగారు పుట్టడానికి సర్కారు కాగితమే రానక్కరలేదు. పోస్టుమాన్ సైకిలు బెల్లు చాలు.

కాగితం నారాయణమూర్తి మాస్టారే చదివి వినిపించారు. ఒక్క గది, ఐదు తరగతులు, ఆయన ఒక్కరు. మా బడి అంటే అంతే. దేశానికి మనుషులే పెట్టుబడి అట. వాళ్ళని తయారుచేసే పని ఇకమీదట శాస్త్రీయంగా జరగాలట. అందుకని మా ఊళ్ళో తయారీ ఆపేస్తారట.

దేశం సంగతి దేశం చూసుకుంటుంది. నా గొడవ నా మనవరాలు పద్మకుమారి. మా అబ్బాయి గరివిడి ఫ్యాక్టరీలో పనికి కుదిరినప్పుడు, అక్కడ ఇల్లు ఇరుకని పెద్దపిల్లని నా దగ్గర వదిలాడు. "ఇక్కడ బడున్నన్నాళ్ళూ నీకాడే ఉంటాదమ్మా. బడి లేకపోతే తీసుకుపోతాను" అన్నాడు. మా ఇంట్లోంచి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చే రకం కాదు. నా పెనిమిటి బర్మాలో పనికని రంగం ఓడ ఎక్కాడు, అంతే. తమ్ముడు కలకత్తా జూటు మిల్లు నుంచి ఒక ఉత్తరం, ఒక ఫొటో పంపి ఊరుకున్నాడు. ఎవరైనా సంచి పట్టుకుని గుమ్మం దిగితే, సంతకే అయినా సరే, మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడతాను. ఈ పిల్ల కోసం అలా నిలబడే ఓపిక నాకు లేదు.

రిజిస్టరులో పందొమ్మిది పేర్లున్నాయి. ఇంకా పదకొండు కావాలి.

ఉపాయం చెప్పింది అసిరయ్య. ఊడుపులకి మనుషుల్ని కుదిర్చే మేస్త్రీ, నాకు వరసకి మరిది. మా వైపు ఊడుపుల్లో ఒకరి చేలో ఇవాళ వంగితే, వాళ్ళు రేపు మన చేలో వంగుతారు. కూలి ఉండదు, మాటే.

"దీనికింత ఏడుపేటి ఒదినా? గెడ్డవతల ఊరికీ అదే కాయితం వచ్చినాది. బుధవారం ఆలకి మన పిల్లల్నిద్దుం. గురువారం ఆలు మనకిత్తారు. ఊడుపులాటిదే."

"మాస్టారు ఒప్పుకుంటారేట్రా?"

"ఒప్పుకోమని ఎవులడగతన్నారు? ఊరుకుంటే సాలు."

మాస్టారు ఊరుకున్నారు.

ఇనస్పెక్టరు జగన్నాధం గారు ఆమదాలవలసలో రైలు దిగి, బుధవారం వాగు దాటి గెడ్డవతల ఊరు చూసుకుని, గురువారం మా ఊరు వచ్చారు. గదిలో ముప్పైమంది చేతులు కట్టుకుని కూర్చున్నారు. అంతమందిని ఒక్కసారి చూసి మాస్టారికే చెమట పట్టింది. నేను మజ్జిగ చెంబు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"మన దేశానికి..." అన్నారు ఇనస్పెక్టరు.

"డిల్లీ" అన్నారు పిల్లలు.

ఆయన కాస్త ఆగి, సుద్దముక్క తీసి బోర్డు మీద ఏడు వేశారు. పక్కన ఏం వెయ్యబోతున్నారో ఇంకా వెయ్యనేలేదు.

"యాభయ్యారు" అన్నారు పిల్లలు.

ఆయన సుద్దముక్క బల్ల మీద పెట్టి, తర్వాత ఏం అడగాలా అన్నట్టు పైకి చూశారు. ముందు వరసలో గెడ్డవతలి పిల్ల ఒకత్తి జాలిపడింది. "మేపు బాబూ. నిన్న దీని తరవాత ఇండియా మేపు అడిగినారు" అని అందించింది.

ఇనస్పెక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ తర్వాత రిజిస్టరు తీసి కొత్త పదకొండు పేర్ల మీద నిదానంగా గీతలు గీశారు. గీత పడ్డప్పుడల్లా మాస్టారు ఒక అంగుళం పొట్టివారయ్యారు.

నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. భయం మరీ ఎక్కువైతే నాకలాగే అవుతుంది. "బాబూ, ఊళ్ళో పిల్లల్లేక కాదు. ఒక్కపాలి ఇటు సూడండి" అన్నాను.

బడి వెనక పొలాల్లో తల్లులు వరసగా వంగి నాట్లు వేస్తున్నారు. గట్ల మీద ఎనిమిదేళ్ళ, తొమ్మిదేళ్ళ ఆడపిల్లలు చంకల్లో చంటివాళ్ళని వేసుకుని తిరుగుతున్నారు.

"సంక కాళీ అయితే అందరూ బడికొత్తారు" అన్నాను.

"ఎవరు ఖాళీ చేస్తారమ్మా?"

"నానే."

ఆ మాట అనాలని నేను అనుకోలేదు. నా వెనకెవరైనా అన్నారేమోనని తిరిగి చూశాను. గుమ్మం బయట నిలబడ్డ అసిరయ్య నన్ను చూసి నవ్వాడు.

ఇనస్పెక్టరు నెల గడువిచ్చారు. "ఈసారి తలలు కాదు, పలకలు చూస్తాను" అని చెప్పి, నా మజ్జిగ తాగకుండానే వెళ్ళిపోయారు.

మర్నాటి నుంచి బడి అరుగు మీద తొమ్మిదిమంది చంటివాళ్ళు, నేను. ఒకడు ఏడుస్తే ఎనిమిదిమంది సాయం పట్టేవారు. మనుషులే పెట్టుబడి అని రాసిన పెద్దమనిషి ఎవరో గాని, ఆ పెట్టుబడికి ఎన్నడూ ముక్కు తుడిచి ఉండడు. నా చీర కొంగు ఆ నెలలో ఆరిన రోజు లేదు. లోపల పదకొండు కొత్త గొంతులు గుణింతాలు చదివేవి. చంటివాడు ఏడ్చినప్పుడల్లా వాడి అక్క గుణింతం ఆపి తల బయటికి పెట్టేది. "నీ పని నువ్వు సూసుకో" అని కసిరేదాన్ని.

నెల తిరిగాక ముప్పై పలకలు చూసి ఇనస్పెక్టరు సంతకం పెట్టారు. ఈసారి మజ్జిగ తాగారు. బడి నిలిచింది. పద్మకుమారి నా దగ్గరే ఉంది. ఆ ఏడు సంక్రాంతీ శివరాత్రీ నేను కంగారు లేకుండా గడిపాను. కంగారు లేదేమిటా అని ఒకటి రెండుసార్లు కంగారుపడ్డాను.

ఏప్రిల్లో మాస్టారు అరుగు మీదికి వచ్చి కూర్చున్నారు.

"కూర్మమ్మ గారూ, పద్మకుమారి ఐదు పాసవుతుందండి. ఐదులో ఉన్నది అదొక్కతే."

సంతోషం నాకు గుటక వేసేంతసేపు నిలిచింది. ఆరో తరగతి మా ఊళ్ళో లేదు. పిల్ల ఐదు చదువుతోందని తెలుసు, ఐదు తర్వాత ఆరు వస్తుందనీ తెలుసు. ఆ రెండూ కలిపి చూడకుండా తొమ్మిది నెలలు ఎలా నెట్టుకొచ్చానో నాకే తెలియదు.

"అదిగాక," మాస్టారు గొంతు తగ్గించారు, "దాని పేరు తీసేస్తే ఇరవై తొమ్మిదేనండి. బడి ఈడు పిల్లల్ని ఊడ్చి చేర్చేశాం. కొత్తగా వచ్చేవాళ్ళు లేరు." నా ఒళ్ళో చంటిదాని బుగ్గ నిమిరారు. "లెక్కల్లో ఒక రెండు మార్కులు..."

పరీక్ష తప్పించెయ్యమన్నాను. సిగ్గుపడుతూ అన్నానంటే అబద్ధం. హాయిగా అన్నాను.

సాయంత్రం దాని తలకి నూనె రాస్తూ సంగతి చెప్పేశాను. దాని దగ్గర దాచడం నాకు చేతకాదు.

"నీకలగే కావాలంటే తప్పుతాను మామ్మా" అంది. జడ సగం వేశాక మళ్ళీ అంది. "కాని ఆ పుస్తకం నాకు మొత్తం వచ్చేసినాది. ఏడాదల్లా మళ్ళీ అదే సదవాలేటి?"

నా చేతులు ఆగిపోయాయి.

నేను బడికి వెళ్ళలేదు. కోమటి కొట్టు పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. చింతపండు చుట్టిన కాగితంలో ఒకసారి సగం కథ వచ్చింది. ఒకాయన ఓడ ఎక్కుతాడు, రేవులో భార్య నిలబడి ఉంటుంది, అక్కడితో కాగితం చిరిగిపోయింది. ఇంట్లో చదవడానికి ఇంకేమీ లేక ఆ ముక్కనే ఏళ్ళ తరబడి చదివాను. ఓడ ఎక్కినాయన దిగాడో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

జడ పూర్తి చేశాను. పొద్దున్నే మాస్టారింటికి వెళ్ళాను.

"పాసు సేసెయ్యండి."

"మరి ముప్పై?"

"అది నాకొగ్గీండి."

జూన్లో మా అబ్బాయి వచ్చాడు. పద్మకుమారి రేకు పెట్టె తలకెత్తుకుని, తండ్రి వెనక స్టేషన్ దారి పట్టింది. మలుపు దగ్గర తిరిగి చూసింది. వాళ్ళు కనుమరుగయ్యేదాకా నేను నిలబడలేదు. నాకు బడికి వేళయిపోతోంది.

అసిరయ్య మనవరాలు దాలమ్మని చంకనేసుకుని వెళ్ళాను. ఏడాదిగా నా కొంగుకి ముక్కు తుడుచుకున్న పిల్ల. దాని అమ్మ లెక్కన దానికి నాలుగు, అసిరయ్య లెక్కన ఆరు. మా వైపు పుట్టినరోజులు ఎవరికీ గుర్తుండవు. కుడిచెయ్యి తలమీదుగా వెళ్ళి ఎడమ చెవిని అందుకుంటే బడి ఈడు వచ్చినట్టు లెక్క.

మాస్టారు రిజిస్టరు తెరిచి కలం పట్టుకున్నారు. దాలమ్మ చెయ్యి తలమీదుగా వేసింది. చెవికి రెండు వేళ్ళ దూరంలో ఆగిపోయింది.

"మెడ కొంసెం వంచవే" అన్నాను.

ఇంకో వేలు మిగిలింది. దాని మోచెయ్యి పట్టుకుని కాస్త సాయం చేశాను. మాస్టారు పైకప్పు పెంకుల్లో ఏదో వెతుకుతున్నారు.

"అందినాది" అన్నాను.

ఆయన రాసుకున్నారు. దాన్ని లోపల కూర్చోబెట్టి వస్తుంటే నా చీర గట్టిగా పట్టుకుంది.

"మామ్మా, నువ్వెల్లిపోతావేటి?"

"నానెక్కడికెల్తానే. అరుగు మీదే ఉంటాను. నీ పని నువ్వు సూసుకో."