తండా బడి హెడ్‌సెట్

నేను ఒక హెడ్‌సెట్‌ను. వినిపించడానికి రెండు చెవులూ, పలికించడానికి ఒక మైకూ ఉన్నాయి గానీ నాకంటూ సొంత మాట లేదు. ఒకరి గొంతును ఇంకొకరి చెవిలో వేయడమే నా బతుకు. ఎక్కడో ఫ్యాక్టరీలో ఒకామె నాకు మెత్తని స్పాంజి అంటించి, ఒకసారి తలకు పెట్టుకుని చూసి, డబ్బాలో పడేసింది. అప్పుడు ఆమెకు వినిపించింది వట్టి గరగర. మనుషుల మాట మొదటిసారి నాలోంచి పారింది పాలమూరు వైపు ఒక లంబాడీ తండా బడిలో.

ఆ బడికి ఒకే టీచరు, హీరాబాయి. ఆమె పుట్టిందీ తండాలోనే. తెలుగు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం అన్నీ ఆమే చెప్పాలి. పిల్లలు ఇంట్లో మాట్లాడేది లంబాడీ, బడిలో చదివేది తెలుగు. నోటితో అడిగితే గలగలా జవాబు చెప్పే పిల్ల, అదే ప్రశ్న కాగితం మీద కనబడితే పెన్సిలు కొరుక్కుంటూ కూర్చునేది. ఆ బాధ చూడలేక హీరాబాయి నన్ను కొనుక్కుంది. బడి వదిలాక తలుపు మూసుకుని, అన్ని సబ్జెక్టుల ప్రశ్నలనూ లంబాడీలో చదివి రికార్డు చేసింది. దూరాన ఎద్దు రంకె వేసినా మళ్లీ మొదటికి వచ్చేది.

ఆ ప్రశ్నలను మొదట విన్నది ఐదో తరగతి చాందిని. నేను దాని తలకు పెద్దగా ఉండి జారిపోతుంటే చేతులతో పట్టుకుని వినేది. సంతలో మేకలు అమ్మితే మందలో ఎన్ని మిగిలాయని అడిగితే టక్కున చెప్పి, "చూడి మేకల్ని అమ్మరు టీచర్" అని కూడా కలిపేది. హీరాబాయి పకపకా నవ్వేది. నవ్వు కూడా నాలోంచి పోతుందని నాకు తెలిసింది అప్పుడే.

చాందిని తండ్రి లోక్యా, మేస్త్రీ పిలిస్తే పుణెకు పనికి పోయే మనిషి. ఒకరోజు బడికి వచ్చి తండా మాటలో అన్నాడు. నేను తెలుగులో చెబుతున్నాను. "దీనికి చదువొస్తదంటే గురుకులంల ఏస్త టీచరమ్మా. రాదంటే మాతోని తోల్కపోత, తమ్ముణ్ని సూసుకుంటది. ఈ పరీక్షల సంగతేందో తేలనీ."

టీచర్లు తాము తయారుచేసిన పరీక్షలను పంచుకునే వెబ్‌సైటు ఒకటుంది. హీరాబాయి తన ప్రశ్నలను అందులో పెట్టింది. అందులోని వాటిని పరిశీలించి, మార్కులు వేసి, మండలంలోని బడులన్నింటికీ ఏవి వాడాలో తేల్చడానికి ఒక శనివారం టీచర్ల కమిటీ కూర్చుంది. కమిటీకి పెద్ద, హెడ్మాస్టరు నర్సింహాచారి సార్. ఆయన పక్కన లెక్కల రెహానా మేడం, ఇంకొందరు.

జవాబు సరిగ్గా నొక్కితే టపాసులు పేలే తెలుగు పరీక్షను చూడగానే అందరి మొహాలూ వెలిగిపోయాయి. ఒకరి తర్వాత ఒకరు ఆడారు. ఒక సార్ రెండుసార్లు తప్పాడు కూడా. దానికి నిండుగా మార్కులు పడ్డాయి. సైన్సు ప్రశ్నల్లో బొమ్మలన్నీ మంచు ఊళ్లవే అయినా రంగులు బాగున్నాయన్నారు. ఆ తర్వాత నా వంతు. తల మార్చి తల నన్ను తగిలించుకున్నారు.

"నాకైతే ఒక్క ముక్క సమజ్ కాలే," అంది రెహానా మేడం. "అర్థం కానిదానికి మంచి మార్కులేస్తే అబద్ధమైతది గదా."

"నేను అర్థం చెప్తా మేడం," అంది హీరాబాయి.

"తయారు చేసినామె నోరు పెట్టొద్దని రూలుంది హీరాబాయమ్మా," అన్నాడు నర్సింహాచారి సార్, మెత్తగానే.

"అయితే పిల్లల్ని అడగండి సార్."

"పిల్లలు కమిటీల లేరు కదమ్మా."

ఎవరూ చెడ్డవాళ్లు కారు. అబద్ధపు మార్కులు వేయలేక గడులు ఖాళీగా వదిలేశారు. ఖాళీ గడిని వెబ్‌సైటు సున్నాగా లెక్కగట్టింది. హీరాబాయి నా వైరును వేళ్లకు చుట్టుకుంటూ ఇంటిదాకా వచ్చింది.

కమిటీ ఎంచిన పరీక్షే తండా బడికీ వచ్చింది. లెక్కల్లో "వ్యత్యాసం కనుగొనుము" అని ఉంది. ఆ మాట ఏమిటో చాందినికి తెలియలేదు. ఆ ప్రశ్నలూ, వాటి తర్వాతవీ అన్నీ రాయకుండా వదిలేసింది. రాయనిదానికి మార్కు వేయడానికి లేదు. హీరాబాయి ఎర్ర పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుని, చివరికి సున్నాలు పెట్టి సంతకం చేసింది.

లోక్యాకు చదువు రాదు గానీ ఎర్ర సున్నా తెలుసు.

"దానికి లెక్కలొస్తయి అన్నా. నా మాట నమ్ము," అంది హీరాబాయి.

"వస్తే గీ సున్నాలేంది? నువ్వేసినవే గదా?"

"నేనేసినవే."

అతను కోప్పడలేదు. కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ వారంలోనే వాళ్ల గుడిసెకు తాళం పడింది.

కొన్నాళ్లకు రెహానా మేడం తనంతట తానే తండా బడికి వచ్చింది. పిల్లల మధ్య నేల మీద కూర్చుని నన్ను పెట్టుకుంది. ఒక్కో ప్రశ్న వింటూ, పిల్లలు చెబుతున్న జవాబులను హీరాబాయితో తెలుగులో చెప్పించుకుంది. పోయేటప్పుడు, "నేను అడగాల్సింది ఆ రోజే," అని మాత్రం అంది. పక్క మండలాల్లో లంబాడీ వచ్చిన టీచర్లను వెతికి, వాళ్లతో మళ్లీ పరిశీలన చేయించింది. మరుసటి ఏడాది హీరాబాయి ప్రశ్నలు నెగ్గాయి. నర్సింహాచారి సార్ మైసూర్‌పాక్ తెప్పించి అందరికీ పంచాడు. హీరాబాయి తన ముక్కను కాగితంలో చుట్టి సంచిలో వేసుకుని, వరండాలోకి వచ్చి, నన్ను ఫోనుకు తగిలించి లోక్యాకు కలిపింది.

అవతల కాంక్రీటు మిషను హోరు. దాన్ని దాటుకుని చాందిని గొంతు వచ్చింది. కాస్త ముదిరింది.

"జూన్‌ల రా బిడ్డా. నేనే గురుకులంల చేర్పిస్త. మన మాటల పరీక్ష ఇప్పుడు అన్ని బడులల్ల పెడుతుండ్రు," అంది హీరాబాయి.



"టీచర్, నాకు లెక్కలొస్తయని నీకు ఎరుకనే గదా. మరి సున్నాలెందుకు పెట్టినవ్?"

హీరాబాయి పెదవులు నా మైకుకు ఆనుకుని ఉన్నాయి. మాట మాత్రం రాలేదు.

"తమ్ముడు ఏడుస్తుండు. పెట్టేస్తున్న టీచర్."

ఆ తర్వాత అవతల నుంచి హోరు కూడా లేదు. హీరాబాయి నన్ను తీయలేదు. లోపలి నుంచి ఎవరో పిలిచేదాకా అలాగే నిలబడింది.

జూన్ వచ్చింది, పోయింది. చాందిని రాలేదు. నాకు ఒక చెవి పడిపోయాక, పనికిరాని సామాను అట్టపెట్టెలో వేశారు. నాలోంచి ఎన్ని వందల ప్రశ్నలు పోయాయో! అన్నింటికీ ఎక్కడో ఒకచోట జవాబు ఉండేది. చాందిని అడిగిన ఆ ఒక్కదానికి వస్తుందేమోనని, మిగిలిన చెవితో నేను ఇంకా వింటూనే ఉన్నాను.